యూట్రోఫిక్ అనగా మంచి చెరువా, చెడ్డ చెరువా?

ఇంగ్లీషు భాషలోని కొన్ని విశేషణాలు పైకి ఒక అర్థం చెబుతూ లోపల మరొక అర్థాన్ని దాచుకొని ఉంటాయి. నిఘంటువు తెరిచి చూసినవారికి మొదటి అర్థం మాత్రమే దొరుకుతుంది. రెండవ అర్థం తెలియాలంటే ఆ మాట ఏ శాస్త్రంలో పుట్టిందో, ఏ వస్తువు పక్కన నిలబడి పని చేస్తున్నదో చూడవలసి ఉంటుంది. అటువంటి విశేషణాలలో ‘యూట్రోఫిక్’ ఒకటి. ఇది వార్తాపత్రికలలో అరుదుగాను, శాస్త్రవేత్తల నివేదికలలో తరచుగాను కనిపించే పదం. బెంగళూరు చెరువుల గురించిన ఏ నివేదికను తిరగవేసినా ఎక్కడో ఒకచోట ఎదురుపడుతుంది. బొమ్మనహళ్ళి, హొంగసంద్ర, బేగూరు, మడివాళ ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు పాఠశాలలో పర్యావరణ విజ్ఞానం చదివేటప్పుడు ఈ మాటను కంఠస్థం చేస్తారు. ‘పోషకాలు ఎక్కువగా గల’ అని పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకుంటారు. పోషకాలు ఎక్కువగా ఉంటే మంచిదే కదా, మరి ఆ చెరువు ఎందుకు చచ్చిపోయింది అని ఎవరైనా తిరిగి అడిగితే జవాబు చెప్పడం కష్టమవుతుంది. ఆ ప్రశ్నకు జవాబు వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పదం పుట్టుపూర్వోత్తరాలు

యూట్రోఫిక్ అనే మాటకు మూలం గ్రీకు భాష. ‘యూ’ అనగా మంచి, చక్కని. ‘ట్రోఫే’ అనగా పోషణ, ఆహారం. రెండూ కలిస్తే ‘చక్కగా పోషింపబడిన’ అని అర్థం. గ్రీకు ‘యూ’, సంస్కృతంలోని ‘సు’ ఒకే మూలం నుండి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. కనుక అక్షరాలా అనువదిస్తే యూట్రోఫిక్ అనగా ‘సుపోషిత’ అవుతుంది.

ఈ రెండు ముక్కలూ మనకు కొత్తవి కావు. మన సరిహద్దు జిల్లాల బీడు భూములలోను, కోలారు ప్రాంతంలోను విరివిగా పెంచిన నీలగిరి చెట్టుకు ఇంగ్లీషు పేరు యూకలిప్టస్. అందులోని ‘యూ’ ఈ ‘యూ’యే, చక్కగా కప్పబడినది అని ఆ పేరుకు అర్థం. విచ్చుకొనే ముందు ఆ చెట్టు మొగ్గకు పైన మూత వంటి కప్పు ఉండడం వలన ఆ పేరు వచ్చింది. ఇక ‘ట్రోఫే’ వైద్యుల నోట వినబడుతుంది. కండరాలు క్షీణించడాన్ని వారు ‘అట్రోఫీ’ అంటారు. పోషణ లేకపోవడం అని దాని అర్థం. అవయవం మితిమీరి పెరిగితే ‘హైపర్‌ట్రోఫీ’ అంటారు.

ఇక్కడ విద్యార్థులు జాగ్రత్త పడవలసిన విషయం ఒకటి కలదు. ఆటల పోటీలో గెలిచినవారికి ఇచ్చే ‘ట్రోఫీ’కి ఈ ‘ట్రోఫే’తో సంబంధం లేదు. శత్రువు వెనుతిరిగిన చోట నిలిపే విజయ చిహ్నానికి గ్రీకులు పెట్టిన పేరు నుండి ఆ మాట వచ్చింది. దానికి మూలం ‘తిరగడం’ అనే అర్థం గల వేరొక ధాతువు. భూగోళ పాఠంలో వచ్చే ‘ట్రాపిక్’ కూడా ఆ తిరగడం నుండి పుట్టినదే. ఆ మాటలో ‘ప’కారం, మన మాటలో ‘ఫ’కారం. ఒక్క అక్షరం తేడాతో ఉష్ణమండలపు చెరువు వేరు, పోషకాలు నిండిన చెరువు వేరు అవుతాయి.

ఈ విశేషణం మొదట చెరువులకు వాడినది కాదు. జర్మనీకి చెందిన వెబర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1907లో చిత్తడి నేలలలోని పోషకాల స్థాయిని చెప్పడానికి దీనిని, దీని తోబుట్టువులను వాడాడు. 1919లో స్వీడన్ శాస్త్రవేత్త ఐనార్ నౌమన్ దీనిని సరస్సుల వర్ణనలోకి తెచ్చాడు. అదే కాలంలో జర్మనీలో ఆగస్ట్ తీనెమన్ సరస్సు అడుగున ప్రాణవాయువు ఉన్నదా లేదా అనే దృష్టితో సరస్సులను విభజించాడు. ఇద్దరి దారులూ కలిసి నేటి జలాశయ శాస్త్రానికి పునాది పడింది.

ఒక నిచ్చెన, నాలుగు మెట్లు

యూట్రోఫిక్ ఒంటరి పదం కాదు. అది ఒక నిచ్చెనలో ఒక మెట్టు. అన్నిటికన్నా క్రింద ‘ఒలిగోట్రోఫిక్’, అనగా కొద్దిపాటి పోషకాలు గల నీరు. ఒలిగో అనగా కొద్ది; కొద్దిమంది చేతిలోని పాలనను ఒలిగార్కీ అనడంలోను ఇదే మాట ఉన్నది. దానికి పైన ‘మీసోట్రోఫిక్’, అనగా మధ్యస్థం. ఆ పైన యూట్రోఫిక్. అన్నిటికన్నా పైన ‘హైపర్‌యూట్రోఫిక్’, అనగా మితిమీరినది.

ఈ మెట్లకు అంకెలు కూడా ఉన్నాయి. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ కోసం వోలెన్‌వైడర్ అనే శాస్త్రవేత్త 1968లో తయారు చేసిన నివేదిక నీటిలోని భాస్వరానికీ, సరస్సు స్థితికీ గల సంబంధాన్ని అంకెలలో చూపింది. ఆ సంస్థ 1982లో ప్రకటించిన హద్దుల ప్రకారం సంవత్సరపు సగటున లీటరు నీటిలో మొత్తం భాస్వరం 10 మైక్రోగ్రాములకు లోపల ఉంటే ఒలిగోట్రోఫిక్. 10 నుండి 35 వరకు మీసోట్రోఫిక్. 35 నుండి 100 వరకు యూట్రోఫిక్. 100 దాటితే హైపర్‌యూట్రోఫిక్. ఇవి ప్రధానంగా చల్లని దేశాల సరస్సులను చూచి నిర్ణయించిన హద్దులు. మన ఎండలకు, లోతు తక్కువైన మన చెరువులకు వీటిని యథాతథంగా అన్వయించడంలో చర్చకు తావున్నది. అయినా స్థూలంగా ఎంత మోతాదు గురించి మాట్లాడుకుంటున్నామో ఇవి తెలియజేస్తాయి.

మైక్రోగ్రాము అనగా గ్రాములో పదిలక్షవ వంతు. ఆ లెక్కన 10 లక్షల లీటర్ల నీటిలో 35 గ్రాముల భాస్వరం ఉంటే చాలు, ఆ నీరు యూట్రోఫిక్ హద్దును తాకుతుంది. 35 గ్రాములంటే వంటింటి చెంచాతో కొలిచేటంత పరిమాణం. ఒక మనిషి శరీరం నుండి మలమూత్రాల ద్వారా రోజుకు సుమారు 1 నుండి 2 గ్రాముల భాస్వరం బయటకు పోతుంది. అనగా ఒక్క మనిషి మురుగు మూడు, నాలుగు వారాలపాటు శుద్ధి కాకుండా చేరితే 10 లక్షల లీటర్ల స్వచ్ఛమైన నీటి స్వభావం మారడానికి సరిపోతుంది. ఇక లక్షల మంది నివసించే వాడల మురుగు ఒకే కాలువలో పడితే ఏమవుతుందో పాఠకులే ఊహించగలరు.

భాస్వరమే ఎందుకు?

మొక్క పెరగాలంటే కర్బనం, నత్రజని, భాస్వరం మూడూ కావాలి. కర్బనం గాలిలో ఉంటుంది. నత్రజని కూడా గాలిలో సమృద్ధిగా ఉంటుంది. దానిని నేరుగా పట్టుకోగల సూక్ష్మజీవులు నీటిలో ఉన్నాయి. భాస్వరం మాత్రం గాలి నుండి రాదు. రాయి నుండి, మట్టి నుండి, జీవుల వ్యర్థాల నుండి మాత్రమే రావాలి. కనుక సహజమైన మంచినీటి సరస్సులలో చాలావరకు పెరుగుదలకు కళ్లెం వేసేది భాస్వరమే. వంటకు బియ్యం, పప్పు పుష్కలంగా ఉండి ఉప్పు మాత్రం చిటికెడే ఉన్నప్పుడు, ఎంత వంట చేయగలమో ఉప్పే నిర్ణయించినట్లు అన్నమాట.

దీనిని కళ్లకు కట్టినట్లు చూపిన ప్రయోగం కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 1973లో జరిగింది. డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త బృందం 226 అనే సంఖ్య గల చిన్న సరస్సును మధ్యలో తెర కట్టి రెండుగా విభజించింది. ఒక భాగంలో కర్బనం, నత్రజని మాత్రమే కలిపారు. రెండవ భాగంలో ఆ రెండిటితో పాటు భాస్వరం కూడా కలిపారు. భాస్వరం కలిపిన భాగం నాచుతో పచ్చబడింది. రెండవది తేటగా మిగిలింది. ఆకాశం నుండి తీసిన ఆ సరస్సు ఛాయాచిత్రం సబ్బుల పరిశ్రమకూ, ప్రభుత్వాలకూ మధ్య సాగుతున్న వాదాన్ని పెద్ద మలుపు తిప్పింది. అప్పట్లో బట్టల సబ్బు పొడులలో ఫాస్ఫేటు అధికంగా ఉండేది. తరువాతి కాలంలో అనేక దేశాలు దానిపై ఆంక్షలు విధించాయి.

తిండి ఎక్కువై ఊపిరి తగ్గడం

పోషకాలు పెరిగినప్పుడు చెరువులో ఏమి జరుగుతుందో వరుసగా చూద్దాం. మొదట నీటిలో తేలే సూక్ష్మ శైవలాలు, అనగా కంటికి కనబడనంత చిన్న నాచు మొక్కలు విస్తారంగా పెరుగుతాయి. 1 గ్రాము భాస్వరం సుమారు 100 గ్రాముల ఎండు శైవల పదార్థం తయారు కావడానికి చాలుతుందని శాస్త్రజ్ఞుల అంచనా. నీరు పచ్చని చారు వలె మారుతుంది. ఎండ లోతుకు దిగదు. అడుగున పెరిగే మొక్కలు చనిపోతాయి. పైన గుర్రపు డెక్క అల్లుకుంటే వెలుతురుతో పాటు గాలి కూడా నీటికి అందదు.

పగటి పూట ఎండలో శైవలాలు ప్రాణవాయువును విడుదల చేస్తాయి. మధ్యాహ్నం కొలిస్తే నీటిలో ప్రాణవాయువు కావలసిన దానికన్నా ఎక్కువగానే కనిపిస్తుంది. రాత్రి అవే శైవలాలు ఊపిరి పీల్చుకొని ఆ ప్రాణవాయువును వాడుకుంటాయి. చనిపోయి అడుగుకు చేరిన శైవలాలను కుళ్లబెట్టే బాక్టీరియా మిగిలిన దానిని తినివేస్తుంది. తెల్లవారుజామున ప్రాణవాయువు అత్యల్ప స్థాయికి దిగజారుతుంది. చేపలు ఎక్కువగా తెల్లవారేసరికి చచ్చి తేలడానికి ప్రధాన కారణం ఇదే. ఎవరో రాత్రి విషం కలిపారని ఊరివారు అనుమానించే సంఘటనలలో కొన్నిటికి అసలు కారణం ఇదై ఉండవచ్చు. చేపల పెంపకానికి పనికివచ్చే నీటిలో లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ చెబుతున్నది. మధ్యాహ్నం 2 గంటలకు నీటి నమూనా తీసి అంతా బాగున్నదని చెప్పే పరీక్షను ఎందుకు పూర్తిగా నమ్మరాదో దీనిని బట్టి తెలుస్తుంది.

శైవలాలలో నీలి ఆకుపచ్చ రకాలు కొన్ని విషాన్ని కూడా తయారు చేస్తాయి. వాటిలో ముఖ్యమైన మైక్రోసిస్టిన్ అనే విషం కాలేయానికి హాని చేస్తుంది. తాగునీటిలో అది లీటరుకు 1 మైక్రోగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. పశువులను చెరువులో నీళ్లు తాగించే పల్లెలకు ఇది పుస్తకాలలోని ముచ్చట మాత్రమే కాదు.

చక్కగా పోషింపబడినది ఊపిరాడక చావడం అనే వైరుధ్యం ఈ విధంగా ఏర్పడుతుంది. తిండి పెరిగింది, ఊపిరి తగ్గింది. మితిమీరితే అమృతమూ విషమే అని మన పెద్దలు అన్న మాటకు ఇంతకన్నా చక్కని ఉదాహరణ దొరకదు.

బొమ్మనహళ్ళి నుండి బెళ్లందూరు దాకా

బొమ్మనహళ్ళి ఒకప్పుడు బెంగళూరుకు వెలుపల హోసూరు రోడ్డు పక్కన ఉన్న గ్రామం. తరువాత పురసభ అయింది. 2007లో బృహత్ బెంగళూరు మహానగర పాలికెలో కలిసింది. 2025లో ఆ పాలికె స్థానంలో 5 నగరపాలికలు ఏర్పడ్డాయి. దుస్తుల కర్మాగారాలలో, భవన నిర్మాణంలో, ఎలక్ట్రానిక్ సిటీలోని కంప్యూటర్ సంస్థలలో పని చేయడానికి అనంతపురం, చిత్తూరు, కర్నూలు ప్రాంతాల నుండి వచ్చిన తెలుగువారు ఈ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. పరిపాలన పేర్లు ఎన్నిసార్లు మారినా నీటి వాలు మాత్రం మారలేదు.

ఈ ప్రాంతపు చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే అలుగు పారి క్రింది చెరువుకు చేరాలి. మడివాళ చెరువు నీరు అగర చెరువుకు, అక్కడి నుండి బెళ్లందూరుకు, బెళ్లందూరు నుండి వర్తూరుకు పోతుంది. అక్కడి నుండి దక్షిణ పినాకినిలో కలిసి తమిళనాడు సరిహద్దు దాటి హోసూరు వద్ద కెలవరపల్లి జలాశయం చేరుతుంది. వానకాలంలో ఆ జలాశయం దిగువన కూడా నురుగు కనబడిన సందర్భాలు పత్రికలలో వచ్చాయి.

వాన నీటిని మోయడానికి ఏర్పడిన రాజకాలువలు నగరం పెరిగిన కొద్దీ మురుగును మోయసాగాయి. దాదాపు 900 ఎకరాల బెళ్లందూరు చెరువు నగరపు మురుగులో పెద్ద భాగానికి తొట్టి అయింది. 2015లో దాని నురుగు గాలికి లేచి రోడ్ల మీద పడింది. ఆ సంవత్సరం మే నెలలో ఆ నురుగుకు నిప్పంటుకొన్నది. 2017 ఫిబ్రవరిలో మరల మంటలు వచ్చాయి. 2018 జనవరిలో చెరువులోని గడ్డి అంటుకొని చాలా గంటలు కాలినప్పుడు సైనికులు కూడా వచ్చి ఆర్పవలసి వచ్చింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ విషయాన్ని తనంతట తానుగా స్వీకరించింది. 2018 డిసెంబరులో కర్ణాటక ప్రభుత్వం 500 కోట్ల రూపాయలు ప్రత్యేక ఖాతాలో ఉంచాలని, 50 కోట్ల రూపాయలు పరిహారంగా చెల్లించాలని ఆదేశించింది. తరువాత చెరువు పూడిక తీసే పనులు చేపట్టారు. 2016 మార్చిలో హలసూరు చెరువులో వేల సంఖ్యలో చేపలు చచ్చి తేలడం కూడా నగరవాసులకు గుర్తుండే ఉంటుంది.

ఈ వరుసను చూచినప్పుడు ‘యూట్రోఫిక్’ అనే మాట ఇంగ్లీషు పాఠంలోని కఠిన పదంగా మాత్రమే తోచదు. అది ఒక రోగం పేరుగా తోస్తుంది.

వాడదగిన చోటు, వాడరాని చోటు

అయినప్పటికీ రోగం పేరు అని పూర్తిగా అనుకోవడం కూడా సరికాదు. ఈ విశేషణం వాడకంలో తరచుగా కనబడే పొరపాట్లు మూడు.

మొదటిది, ‘కలుషిత’ అనే మాటకు బదులుగా దీనిని వాడడం. కర్మాగారం నుండి ఆమ్లమో, సీసమో, ఆర్సెనిక్కో కలిసిన చెరువు అద్దంలా తేటగా ఉండవచ్చు. అందులో నాచు కూడా బ్రతకదు. అది కలుషితమే గాని యూట్రోఫిక్ కాదు. పోషకాల విషయం చెప్పదలచినప్పుడు మాత్రమే ఈ మాట వాడాలి.

రెండవది, నురుగును చూచి యూట్రోఫిక్ అనడం. నురుగుకు ముఖ్య కారణం సబ్బులలో జిడ్డును వదలగొట్టే రసాయనాలు. పచ్చదనానికి, గుర్రపు డెక్కకు కారణం భాస్వరం, నత్రజని. రెండూ ఒకే మురుగు కాలువలో కలిసి వస్తాయి కనుక ఒకే చెరువులో కనిపిస్తాయి. రేపు సబ్బులలోని ఆ రసాయనాన్ని మార్చి నురుగు మాయం చేసినా చెరువు యూట్రోఫిక్ గానే మిగలవచ్చు. నురుగు పోయింది కనుక చెరువు బాగుపడింది అనుకోవడం అందువలన ప్రమాదకరం.

మూడవది, ఈ మాటను ఎల్లప్పుడూ నింద గానే వాడడం. కొల్లేటి చుట్టుపక్కల, కైకలూరు, భీమవరం ప్రాంతాల చేపల చెరువులలో రైతులు కోళ్ల ఎరువు, పశువుల పేడ, సూపర్ ఫాస్ఫేటు కావాలనే వేస్తారు. శైవలం పెరగాలి, దానిని తిని చేప పెరగాలి. శాస్త్రం ప్రకారం అది కావాలని యూట్రోఫిక్ చేసిన చెరువు. అక్కడ రైతు ప్రాణవాయువు తగ్గకుండా కనిపెట్టుకొని ఉంటాడు, ఏరేటర్లు తిప్పుతాడు, చేపలను పట్టి అమ్మడం ద్వారా పోషకాలలో కొంత భాగాన్ని బయటకు తీస్తాడు. ఒకే విశేషణం ఒకచోట పంట, మరొకచోట శవం. తేడా అంతా ఆ పోషకాలకు లెక్క చూచే మనిషి ఉన్నాడా లేడా అనే దానిలో ఉన్నది.

వ్యాకరణ విషయంగా మరొక మాట. యూట్రోఫిక్ విశేషణం, అది స్థితిని చెబుతుంది. ‘యూట్రోఫికేషన్’ నామవాచకం, అది ఆ స్థితికి చేరే క్రమాన్ని చెబుతుంది. సరస్సులు వేల సంవత్సరాలలో మెల్లగా పూడుకుంటూ సహజంగానే ఈ దిశగా నడుస్తాయి. మనిషి చేతలతో అదే ప్రయాణం కొన్ని దశాబ్దాలలో ముగిస్తే దానికి శాస్త్రజ్ఞులు వేరే విశేషణం చేర్చి ‘మానవకృత’ యూట్రోఫికేషన్ అంటారు. ముసలితనం వేరు, పడుచు వయసులోనే ముసలితనం తెచ్చిపెట్టడం వేరు.

తెలుగులో ఏమనాలి?

హిందీ పాఠ్యపుస్తకాలలో యూట్రోఫికేషన్‌కు ‘సుపోషణ్’ అనే మాట కనిపిస్తుంది. మూలానికి అది నిక్కచ్చి అనువాదం. అయితే తెలుగులో ‘సు’ చేరిన మాట ఏదైనా ప్రశంసగానే వినబడుతుంది. సుగుణం, సుభిక్షం, సుపుత్రుడు అనే వరుసలో ‘సుపోషిత తటాకం’ అంటే వినేవారు సంతోషిస్తారే గాని జాగ్రత్త పడరు. ‘పోషకసమృద్ధ’ అన్నా ఇదే చిక్కు. ‘అతిపోషిత’ అంటే అర్థం దగ్గరకు వస్తుంది. కాని హైపర్‌యూట్రోఫిక్ అనే పై మెట్టుకు అప్పుడు మాట మిగలదు. కనుక నిచ్చెన మొత్తానికి ‘అల్పపోషక, మధ్యపోషక, అధికపోషక, అతిపోషక’ అని నాలుగు మాటలు అనుకుంటే విద్యార్థికి వరుస కూడా బోధపడుతుంది, మోతాదు కూడా తెలుస్తుంది. వాడుకలో యూట్రోఫిక్ అనే ఇంగ్లీషు మాటనే ఉంచుకున్నా తప్పు లేదు. దాని పక్కన ఒకసారి ఈ తెలుగు మాట చెబితే చాలు.

మాటల సంగతి వచ్చింది గనుక మరొకటి చెప్పుకోవచ్చు. కన్నడంలో చెరువును ‘కెరె’ అంటారు. కన్నడ ‘కివి’ తెలుగులో చెవి అయినట్లు, ‘కై’ చేయి అయినట్లు, కెరె, చెరువు ఒకే ద్రావిడ మూలం నుండి వచ్చిన మాటలు. భాషలు వేరైనా చెరువు పేరు ఒక్కటే. నీరు కూడా ఒక్కటే.

సరిహద్దు జిల్లాలకు ఏమి పట్టింది?

బెంగళూరు చెరువు పాడైతే మనకేమి అని సరిహద్దుకు ఇవతల ఉన్నవారు అనుకోవచ్చు. కోరమంగల చల్లఘట్ట లోయ పథకం కింద బెళ్లందూరు పరిసరాలలోని శుద్ధి కేంద్రాల నుండి రెండవ దశ వరకు శుద్ధి చేసిన మురుగునీటిని 2018 జూన్ నుండి కోలారు జిల్లా చెరువులకు పంపడం మొదలుపెట్టారు. రోజుకు 44 కోట్ల లీటర్లు, వంద పైచిలుకు చెరువులు ఆ పథకం లక్ష్యం. 2018 జూలైలో లక్ష్మీసాగర చెరువు వద్ద నురుగు కనిపించడంతో వ్యవహారం కర్ణాటక హైకోర్టుకు, తరువాత సుప్రీంకోర్టుకు చేరింది. కొంతకాలం ఆగిన నీరు తిరిగి పారింది. హెబ్బాళ నాగవార లోయ నుండి చిక్కబళ్ళాపురం వైపుకు కూడా ఇటువంటి పథకమే ఉన్నది. కోలారు చిత్తూరుకు పొరుగు. చిక్కబళ్ళాపురం హిందూపురానికి పొరుగు. పాలారు కోలారులో పారి కుప్పం ప్రాంతంలోకి వస్తుంది.

ఈ పథకాన్ని ఒక్క మాటలో మంచిదనో, చెడ్డదనో తేల్చడం న్యాయం కాదు. ఏళ్ల తరబడి ఎండిన చెరువులలో నీరు నిలిచింది. చుట్టుపక్కల బోర్లలో నీటిమట్టం పెరిగిందని అధ్యయనాలు చెప్పాయి. వెయ్యి అడుగులు దాటి బోరు వేసినా చుక్క రాని చోట రైతు ఆ నీటిని ఎలా కాదంటాడు? అదే సమయంలో మూడవ దశ శుద్ధి కూడా చేసి పంపాలని ఆ ప్రాంత రైతు సంఘాలు కోరుతూ వచ్చాయి. ఆ కోరికలోని బలం అర్థం కావాలంటే మన విశేషణం తెలిసి ఉండాలి.

మొదటి దశ శుద్ధిలో మురుగులోని బరువైన మడ్డి అడుగుకు దిగుతుంది. రెండవ దశలో బాక్టీరియా కుళ్లే పదార్థాన్ని తినివేస్తుంది. నీరు తేటపడుతుంది, దుర్వాసన తగ్గుతుంది. కాని సాధారణమైన రెండవ దశ శుద్ధిలో భాస్వరం, నత్రజని పూర్తిగా తొలగవు. వాటి కోసం ప్రత్యేకమైన ఏర్పాటు కావాలి. శుద్ధి అయిన నీటిలో కూడా భాస్వరం లీటరుకు మిల్లీగ్రాముల లెక్కలో మిగలవచ్చు. యూట్రోఫిక్ హద్దు మైక్రోగ్రాముల లెక్కలో ఉన్నదని పైన చూచాము. 1 మిల్లీగ్రాము అనగా 1000 మైక్రోగ్రాములు. కంటికి తేటగా కనిపించే నీరు చెరువుకు మాత్రం ఎరువు నీరే. ‘శుద్ధి చేసిన’ అనే విశేషణం నిజమే కావచ్చు. ‘అధికపోషక’ అనే విశేషణం కూడా అదే నీటికి నిజమే కావచ్చు. మొదటిదే వినిపించి రెండవది చెప్పకపోతే వినేవారు సగం సత్యమే తెలుసుకున్నట్లు.

వైద్యం ఉన్నదా?

ఉన్నది. అమెరికాలోని సియాటిల్ నగరం పక్కన వాషింగ్టన్ సరస్సు 1950ల నాటికి మురుగుతో పచ్చబడింది. ఎడ్మండ్‌సన్ అనే శాస్త్రవేత్త హెచ్చరికలను ప్రజలు విన్నారు. 1963 నుండి 1968 లోపల మురుగును పూర్తిగా మళ్లించారు. కొన్ని సంవత్సరాలలో సరస్సు తేటపడింది. మొదట మురుగు ఆగాలి. తక్కిన వైద్యాలన్నీ ఆ తరువాతనే.

అయితే లోతు లేని మన చెరువులలో మురుగు ఆగినా వెంటనే గుణం కనిపించకపోవచ్చు. ఏళ్ల తరబడి అడుగు బురదలో చేరిన భాస్వరం, అడుగున ప్రాణవాయువు లేనప్పుడు తిరిగి నీటిలోకి వస్తుంది. పాత అప్పు మీద వడ్డీ కట్టవలసి వచ్చినట్లు అన్నమాట. అందుకే పూడిక తీయడం కూడా అవసరమవుతుంది. మురుగు ఆపకుండా పూడిక మాత్రమే తీస్తే ఖాళీ అయిన చోట కొత్త అప్పు చేరుతుంది.

మన పూర్వులకు యూట్రోఫిక్ అనే మాట తెలియదు గాని దాని మందు తెలుసు. వేసవిలో చెరువు ఎండగానే రైతులు పూడిక మట్టిని బండ్లతో తమ పొలాలకు తోలుకొనేవారు. చెరువుకు చేరిన సారం తిరిగి చేనుకు చేరేది. చేనుకు ఎరువు, చెరువుకు ఆరోగ్యం. నగరంలో ఆ చక్రం తెగిపోయింది. పల్లెలో పండిన ధాన్యం, పప్పు, కూరగాయల రూపంలో మన నేలలోని భాస్వరం లారీలలో బెంగళూరుకు పోతున్నది. అక్కడ మురుగుగా మారి చెరువులో పడుతున్నది. ఆ భాస్వరం మన పొలానికి తిరిగి రావడం లేదు; బదులుగా మనం బస్తాల లెక్కన ఎరువు కొంటున్నాము. ఒకచోట ఆకలి, ఒకచోట అజీర్ణం. నగరపు మట్టిలో భార లోహాలు ఉండే అవకాశం ఉన్నందున పరీక్షించకుండా దానిని పొలానికి తోలరాదు. ఆ కారణం వలన కూడా మురుగును చెరువుకు చేరకముందే పట్టుకోవలసి ఉన్నది.

బెంగళూరులోనే జక్కూరు చెరువు వద్ద శుద్ధి కేంద్రం నుండి వచ్చే నీటిని ముందుగా ఒక చిత్తడి నేల గుండా పంపి, అక్కడి మొక్కలు పోషకాలలో కొంత భాగాన్ని పీల్చుకొన్న తరువాత చెరువులోకి వదిలే ఏర్పాటు ఉన్నది. ఆ మొక్కలను ఎప్పటికప్పుడు కోసి బయటకు తీయాలి. తీయకపోతే అవి అక్కడే కుళ్లి తిన్నదంతా తిరిగి నీటికే ఇస్తాయి.

పల్లె చెరువు గట్టు మీద నిలబడినవారు కూడా కొన్ని ప్రశ్నలు అడగవచ్చు. మా చెరువుకు వచ్చే నీటిలో భాస్వరం ఎంత? నత్రజని ఎంత? ప్రాణవాయువు పరీక్ష తెల్లవారుజామున చేశారా, మధ్యాహ్నం చేశారా? శుద్ధి ఏ దశ వరకు జరిగింది? ఈ నాలుగు ప్రశ్నలకు రసాయన శాస్త్రంలో పట్టా అక్కరలేదు. పదవ తరగతి విద్యార్థి గ్రామసభలో లేచి అడగగల ప్రశ్నలివి. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది గనుక వ్రాతపూర్వకంగా అడిగే వీలు కూడా ఉన్నది.

యూట్రోఫిక్ చెరువు మంచిదా, చెడ్డదా అనే ప్రశ్నకు జవాబు ఒక్క అక్షరంలో లేదు. ఆ మాట చెరువు తిండి గురించి చెబుతుంది గాని చెరువు యోగక్షేమం గురించి చెప్పదు. తిన్నది అరుగుతున్నదా, ఊపిరి ఆడుతున్నదా అన్నది మనమే చూడాలి. పిల్లలకు ఈ పదం నేర్పేటప్పుడు దాని అర్థంతో పాటు 35 అనే అంకెను, తెల్లవారుజాము అనే వేళను కూడా నేర్పితే పాఠం పూర్తి అవుతుంది.